ఆదివారం వండింది శుక్రవారం దాకా తినొచ్చా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. ఇద్దరూ ఉద్యోగస్తులు, కొండాపూర్‌లో ఉంటారు, ఇల్లు చేరేసరికి రాత్రి ఎనిమిదిన్నర. రోజూ యాప్‌లో తెప్పించుకుని విసుగొచ్చింది. మీవారికి షుగర్ బార్డర్‌లో ఉందని ఈ మధ్యే తేలింది. యూట్యూబ్‌లో చూపించినట్టు ఆదివారం అన్నీ వండేసి డబ్బాల్లో సర్దుకుంటే శుక్రవారం దాకా గడిచిపోతుందా, ఏమేం వండాలి, గాజు డబ్బాలు కొనాలా అని అడిగారు.

సూటిగా చెప్తాను. వండిన కూరలు, అన్నం శుక్రవారం దాకా దాచకండి. వంటను ముప్పావు వంతు చేసి అక్కడ ఆపి పెట్టుకోండి. పప్పు ఉడికి ఉండాలి, చింతపండు గుజ్జు తీసి ఉండాలి, కూరగాయలు తరిగి ఉండాలి, ఉల్లి టమాటా మగ్గి ఉండాలి. పోపు, ఉప్పు, పులుపు, కొత్తిమీర మాత్రం ఆ పూటకి ఆ పూటే. ఆదివారం రెండు గంటలు, బుధవారం రాత్రి ముప్పావు గంట, మిగతా రోజుల్లో స్టవ్ దగ్గర ఇరవై నిమిషాలు. పని ఇంతే.

నేను నిజాంపేటలో ఇంటి నుంచే ఆఫీసులకు లంచ్ బాక్సులు పంపిస్తుంటాను. పదకొండు గంటలకల్లా బాక్సులు గడప దాటాలి కాబట్టి ముందురోజు ఏది చేసి పెట్టుకోవచ్చు, ఏది కూడదు అనేది మాకు రోజూ ఉండే లెక్కే. ఆ లెక్కతోనే చెప్తున్నాను.

ఆ వీడియోల్లో వాళ్ళు పెట్టేది కాల్చిన చికెను, ఉడికించిన బ్రోకలీ. అవి మూడో రోజు కూడా దాదాపు అలాగే ఉంటాయి. మన కూర పోపు వాసన మీద నడుస్తుంది. మూడో రోజుకి ఆవాలు మెత్తబడతాయి, కరివేపాకు నల్లబడుతుంది, బెండకాయ వేపుడు చల్లబడి జిగురెక్కుతుంది. గురువారం రాత్రి ఆ డబ్బా మూత తీయబుద్ధి కాదు. మళ్ళీ యాప్ తెరుస్తారు. నా దగ్గర బాక్స్ చెప్పుకున్న వాళ్ళలో చాలామంది ఇలా రెండు వారాలు ప్రయత్నించి వదిలేసిన వాళ్ళే.

రుచి సంగతి పక్కన పెట్టినా, వండిన పదార్థం ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులకు మించి ఉంచకూడదు. అది కూడా ఫ్రిజ్ లోపల 4 డిగ్రీలు, అంతకన్నా తక్కువ ఉంటేనే. తలుపు మాటిమాటికీ తీస్తూ, గాలి ఆడకుండా గిన్నెలు కుక్కితే లోపల అంత చల్లగా ఉండదు. ఆదివారం వండిన దానికి బుధవారం రాత్రి ఆఖరి పూట అనుకోండి. బుధవారం రెండో విడత పెట్టుకోమన్నది అందుకే.

అన్నం మాత్రం ఏ రోజుకా రోజు. ఈ విషయంలో నేను కొంచెం మొండిదాన్నే. బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా బీజాలుంటాయి, అన్నం ఉడికినా అవి చావవు. అన్నం గోరువెచ్చగా గంటల తరబడి బయట ఉంటే అవి మొలిచి పెరిగి విషం వదులుతాయి. ఆ విషం మళ్ళీ వేడి చేసినా పోదు, చిక్కంతా అక్కడే. మిగిలిన అన్నాన్ని గంటలోపు ఫ్రిజ్‌లో పెట్టి మర్నాటికి తినేయండి. అంతకు మించి వద్దు. "మరి మా నానమ్మ వాళ్ళు చద్దన్నం తినలేదా?" అని ప్రతిసారీ ఎవరో ఒకరు అడుగుతారు. వాళ్ళు మజ్జిగో పెరుగో కలిపి పులియబెట్టేవాళ్ళు. ఆ పులుపులో ఇలాంటివి అంత తేలిగ్గా పెరగవు. రైస్ కుక్కర్‌లో రాత్రంతా మర్చిపోయిన అన్నానికి చద్దన్నం అని పేరు పెడితే సరిపోదు కదా.

చల్లార్చడం కూడా ఇక్కడే చెప్పేస్తాను. వేడి గిన్నె ఫ్రిజ్‌లో పెట్టకూడదని రాత్రంతా గట్టు మీద వదిలేసేవాళ్ళు చాలామంది. వండినది బయట రెండు గంటలకు మించి ఉండకూడదు. వేడి 32 డిగ్రీలు దాటితే ఒక గంటే. మన ఊళ్ళో ఎండాకాలం పగటిపూట వంటింట్లో అంతకన్నా తక్కువ ఎక్కడుంటుంది? పప్పును వెడల్పాటి పళ్ళెంలో పోసి ఫ్యాన్ కింద పెట్టండి. లేదంటే గిన్నెను చన్నీళ్ళ టబ్బులో కూర్చోబెట్టి గరిటెతో తిప్పండి. అరగంటలో చల్లారిపోతుంది, వెంటనే చిన్న డబ్బాల్లోకి సర్ది లోపల పెట్టేయండి.

ఇక ఆదివారం పని. శనివారం రాత్రి పడుకునే ముందు శనగలో అలసందలో ఒక గ్లాసు నానబెట్టండి. పొద్దున్నే కూకట్‌పల్లి రైతుబజారుకో, మీకు అనువైతే ఎర్రగడ్డకో వెళ్ళి కూరలు తెచ్చుకోండి. ఆలస్యమైతే ఆకుకూర వాడిపోతుంది, పార్కింగ్ ఇంకో టెన్షన్.

మొదట కుక్కర్ ఎక్కించండి. కింద గిన్నెలో నానిన శనగలు, పైన గిన్నెలో కందిపప్పు. ఇద్దరికి ఐదు రాత్రులకు 400 గ్రాముల కందిపప్పు సరిపోతుంది. చిటికెడు పసుపు, నాలుగు చుక్కల నూనె, అంతే. ఉప్పు వేయకండి, చింతపండు అసలే వద్దు. పులుపు పడితే పప్పు సరిగ్గా ఉడకదు, పైగా ఆ గిన్నె పప్పు ఒక్క వంటకానికే కట్టుబడిపోతుంది. ఏమీ వేయని పప్పైతే సోమవారం పాలకూర పప్పు అవుతుంది, మంగళవారం ముద్దపప్పు అవుతుంది, గురువారం సాంబారు అవుతుంది. సగం ఫ్రిజ్‌లో, సగం పూటకో డబ్బా లెక్కన ఫ్రీజర్‌లో. ఫ్రీజర్ పప్పు కరిగాక నీరు వేరుగా, ముద్ద వేరుగా కనిపిస్తుంది. పాడైందని పారబోయకండి. స్టవ్ మీద బాగా మరగనిచ్చి పప్పుగుత్తితో నాలుగు తిప్పులు తిప్పితే మామూలుగా వచ్చేస్తుంది.

కుక్కర్ కూస్తుండగా 100 గ్రాముల చింతపండు వేడి నీళ్ళలో నానబెట్టి, పిసికి, వడగట్టి, కొంచెం ఉప్పు వేసి చిక్కబడేదాకా ఉడికించండి. అల్యూమినియం గిన్నె వాడకండి, పులుపుకి అది కరుగుతుంది. స్టీలు గిన్నెలో ఉడికించి, ఆరాక గాజు సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెడితే వారానికి ఢోకా లేదు, తీసేటప్పుడు పొడి చెంచా వాడితే చాలు. రాత్రి ఎనిమిదిన్నరకు చింతపండు నానబెట్టే ఓపిక ఎవరికుంటుంది? నిజానికి చారు మానేసి బయటి తిండికి పోయేది ఇలాంటి చిన్న పనుల దగ్గరే.

ఈ గుజ్జు ఉంటే పచ్చిపులుసు ఐదు నిమిషాలు. గుజ్జులో నీళ్ళు కలిపి, పచ్చి ఉల్లిపాయ ముక్కలు, కాల్చిన పచ్చిమిర్చి, వేయించి దంచిన నువ్వులు, ఉప్పు, పైన పోపు. ముద్దపప్పు పక్కన పచ్చిపులుసు ఉంటే తెలంగాణ ఇళ్ళలో ఇంకో కూర అడిగేవాళ్ళు ఉండరు. నూనె చెంచాకు మించదు. ఆరోగ్యకరమైన తిండి అని విడిగా వెతుక్కోనక్కర్లేదు, ఇదే.

మూడోది ఉల్లి టమాటా ముద్ద. అర కిలో ఉల్లి, కిలో టమాటా, అల్లం ఎల్లిపాయ ముద్ద రెండు చెంచాలు. చిన్న మంట మీద నీరంతా ఇగిరేదాకా మగ్గనివ్వండి. నూనె మూడు నాలుగు చెంచాలు చాలు, తేలేంత పోయాలన్న రూలేమీ లేదు. నాలుగు డబ్బాలు చేసి, ఒకటి ఫ్రిజ్‌లో, మూడు ఫ్రీజర్‌లో. శనగల కూర, కోడిగుడ్డు పులుసు, చికెన్ అన్నిటికీ ఇదే పునాది. అల్లం ఎల్లిపాయ ముద్ద కూడా ఎక్కువగా నూరుకుంటే ఐస్ ట్రేలో వేసి గడ్డకట్టించుకోండి. నూనెలో ముంచిన ఎల్లిపాయను గట్టు మీద మాత్రం ఉంచకండి. గాలి తగలని చోట పెరిగే ప్రమాదకరమైన బాక్టీరియా ఒకటుంది, నూనె కింద దానికి చోటు దొరుకుతుంది.

దోసె పిండి గురించి పెద్దగా చెప్పక్కర్లేదు, మీకూ తెలిసిందే. ఒకటి మినప్పప్పుకి మూడు బియ్యం. షుగర్ ఉంది కాబట్టి బియ్యంలో సగమో, మొత్తమో కొర్రలు వేయొచ్చు, దోసె బాగానే వస్తుంది. ఎండాకాలం ఆరేడు గంటల్లో పొంగుతుంది, డిసెంబరులో రాత్రంతా పట్టొచ్చు. పొంగిన వెంటనే ఫ్రిజ్‌లోకి. మొదటి రెండు రోజులు దోసె, పులుపెక్కాక ఉల్లి, క్యారెట్ తురుము వేసి ఊతప్పం. పెసరట్టు పిండి రెండో రోజు దాటితే బాగుండదు. పెసలు పొద్దున నానబెట్టుకుని వెళ్ళి రాత్రి రుబ్బుకోవడమే మేలు. వేసవిలో ఆ నానబెట్టిన గిన్నెను ఫ్రిజ్‌లోనే పెట్టండి. కొర్రలకు, సామలకు కూడా ఇదే. ఉదయం కడిగి నీళ్ళు పోసి ఫ్రిజ్‌లో పెట్టి వెళ్తే, రాత్రి కుక్కర్ ఎక్కించి స్నానం చేసి వచ్చేలోపు ఉడికిపోతాయి.

కూరగాయలకు ఒక వరస ఉంది, అది పట్టుకుంటే సగం వృథా ఆగుతుంది. ఆకుకూరలు, వంకాయ, బెండకాయ మొదటి రెండు రోజులకు. దొండకాయ, గోకరకాయ, బీన్స్ మధ్యలో. క్యాబేజీ, క్యారెట్, బీట్‌రూట్, సొరకాయ, గుమ్మడికాయ చివరికి. తరిగి పెట్టుకోదగ్గవి దొండ, గోకర, బీన్స్, క్యారెట్, క్యాబేజీ. తడి లేకుండా ఆరబెట్టి, డబ్బా అడుగున పల్చటి నూలు గుడ్డ వేసి పెడితే మూడు రోజులు ఆగుతాయి. వంకాయ, ఆలుగడ్డ, అరటికాయ కోసి పెడితే నల్లబడతాయి, అవి ఆ పూటే. బెండకాయ కడిగి, తుడిచి, కోయకుండా పెట్టుకోండి. ఆకుకూరను కడగకుండా వేర్లు కోసి గుడ్డలో చుట్టండి, వండే ముందు కడుక్కోవచ్చు. గోంగూర అయితే కొంచెం నూనెలో మగ్గించి పెట్టుకోండి. బుధవారం పప్పులో వేసుకోవచ్చు, మిగిలింది ఫ్రీజర్‌కి పంపొచ్చు. పచ్చి ఉల్లిపాయ తరిగి ఫ్రిజ్‌లో పెట్టారంటే పాలు కూడా ఉల్లి వాసనే.

ఫ్రీజర్‌కి నప్పనివి కొన్ని ఉన్నాయి. ఆలుగడ్డ ఇసుకలా అవుతుంది. ఉడికిన గుడ్డు తెల్లసొన రబ్బరులా సాగుతుంది. పెరుగు వేసిన కూర విరుగుతుంది. దోసకాయ, బీరకాయ నీరు కారిపోతాయి. మణికొండ నుంచి ఒకావిడ నా దగ్గర బాక్స్ మానేసి, సొంతంగా మొదలుపెట్టి, ఆలు కుర్మా, మజ్జిగ పులుసు, దోసకాయ పప్పు అన్నీ ఫ్రీజర్‌లో నింపేశారు. రెండో వారానికి ఫోన్ చేసి "ఆంటీ, అన్నీ ఒకటే రుచి వస్తున్నాయి, ఏం చేయను?" అన్నారు. అన్నీ ఆపేయించి, వట్టి పప్పు, శనగలు, ఉల్లి ముద్ద, కొబ్బరి తురుము, చికెన్ మాత్రం ఫ్రీజర్‌లో ఉంచమన్నాను. ఇప్పటికీ అదే పద్ధతిలో సాగుతోంది, బాక్స్ మళ్ళీ చెప్పుకోలేదు. నాకు ఒక గిరాకీ పోయిందనుకోండి.

చికెన్ ఆదివారం తెస్తే పచ్చిది ఫ్రిజ్‌లో ఒకటి రెండు రోజులకు మించి ఉంచొద్దు. వండని వంతును పెరుగు లేకుండా ఉప్పు, పసుపు, కారం, అల్లం ఎల్లిపాయ పట్టించి, పూటకు సరిపడా విడదీసి ఫ్రీజర్‌లో పెట్టండి. వండే రోజుకి ముందు రాత్రి కింది అరలోకి దించితే కరిగి ఉంటుంది. గట్టు మీద కరిగించకండి, కరిగింది మళ్ళీ గడ్డకట్టించకండి. చలి బాక్టీరియాను నిద్రపుచ్చుతుంది, చంపదు.

ఉడికించిన గుడ్లు పెంకుతో ఉంటే ఫ్రిజ్‌లో వారం ఆగుతాయి. ఎప్పుడూ నాలుగు ఉంచుకోండి. రాత్రి పదింటికి ఇల్లు చేరిన రోజున అన్నం, పప్పు, గుడ్డు ఉంటే చాలు, ఎవరూ యాప్ తెరవరు.

ఈ లెక్కన ఒక వారం ఎలా సాగుతుందో చూడండి. సోమవారం పాలకూర పప్పు, బెండకాయ వేపుడు. మంగళవారం ముద్దపప్పు, పచ్చిపులుసు, వంకాయ కూర. బుధవారం శనగల కూర, రొట్టె. ఆ రాత్రే గురు, శుక్రవారాలకు కూరలు తరుక్కుని, ఫ్రీజర్‌లోంచి ఒక పప్పు డబ్బా కిందికి దించుకోవడం. గురువారం సొరకాయ, క్యారెట్ వేసిన సాంబారు, క్యాబేజీ కూర. శుక్రవారం కోడిగుడ్డు పులుసో, ఊతప్పమో. శనివారం బయట తినండి, నేనేమీ అనను.

మీవారి షుగర్ గురించి. డాక్టరు ఇచ్చిన కొలతలే ఆయనకు ముఖ్యం, నేను చెప్పేది వంటింటి వరకే. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పే పళ్ళెంలో సగం కూరగాయలు, పండ్లే ఉంటాయి. పెద్దవాళ్ళకు రోజుకు 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు. మన ఇళ్ళలో లెక్క తిరగబడి ఉంటుంది, అన్నం గుట్ట, పక్కన రెండు చెంచాల కూర. తరిగిన కూరలు ఫ్రిజ్‌లో కంటి ముందుంటే కూర దానంతటదే పెరుగుతుంది. ముందుగా సర్దుకోవడంలో నాకు కనిపించే అసలు లాభం ఇదే, టైమ్ మిగలడం తర్వాతి మాట. కొర్రలు, జొన్నలు మంచివే, పీచు ఎక్కువ. అలాగని మిల్లెట్ కదా అని గిన్నెడు తింటే షుగర్ ఊరుకోదు. జొన్నరొట్టె చేయడం రాకపోతే సిగ్గేమీ లేదు. సాయంత్రం రోడ్డు పక్కన పొయ్యి పెట్టి కాల్చి అమ్మేవాళ్ళు మీ వైపు కూడా దొరుకుతారు, వస్తూ వస్తూ రెండు తెచ్చుకోండి, కూర ఇంట్లో ఉంది కదా.

పొడులు బాగా నిలవుంటాయి కాబట్టి అందరూ ముందు వాటి మీదే పడతారు. కందిపొడి, కరివేపాకు పొడి, అవిసెగింజల పొడి చేసుకోండి, మంచిదే. కానీ రోజుకు మనిషికి ఉప్పు మొత్తం 5 గ్రాములు, అంటే ఒక టీ చెంచా. పొడి, ఊరగాయ, అప్పడం మూడూ ఒకే పూట పెట్టుకుంటే అక్కడే చాలా వరకు అయిపోతుంది. పొడిలో మామూలుగా వేసే ఉప్పులో సగమే వేయండి, నువ్వులో అవిసెలో కాస్త పెంచండి, నాలుక పెద్దగా పట్టించుకోదు.

మర్నాటి లంచ్‌కి రాత్రి కూరే కొంచెం ఎక్కువ చేసి, తినే ముందే వేరుగా తీసి చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టుకోండి. ఆఫీసులో ఫ్రిజ్ ఉంటే రాత్రి అన్నం పట్టుకెళ్ళొచ్చు. లేకపోతే పొద్దున రెండు చపాతీలు నయం. మైక్రోవేవ్‌లో మధ్యలో ఒకసారి కలిపి, ఆవిరి వచ్చేదాకా వేడి చేయండి. అంచులు కాలి నడుమ చల్లగా ఉన్నది తినొద్దు.

కరెంటు పోతే ఫ్రిజ్ తలుపు తీయకండి, నాలుగు గంటల దాకా భయం లేదు. నిండుగా ఉన్న ఫ్రీజర్ ఇంకా చాలాసేపు, 48 గంటల వరకు కూడా తట్టుకుంటుంది.

గాజు డబ్బాలు ఇప్పుడే కొనకండి. మొదటి నెల ఇంట్లో ఉన్న స్టీలు డబ్బాలే వాడండి. ఫ్రిజ్‌కి, ఫ్రీజర్‌కి రెండింటికీ పనికొస్తాయి, మైక్రోవేవ్‌లో మాత్రం పెట్టకూడదు. ప్లాస్టిక్‌లో వేడి చేయకండి. తర్వాత కొనాలనిపిస్తే పెద్దవి వద్దు, ఇద్దరికి ఒక పూట పట్టేంత చిన్నవి తీసుకోండి. పెద్ద డబ్బాలో పప్పు చల్లారదు, ఒక్కసారి కరిగిస్తే మొత్తం తినాల్సి వస్తుంది. మూత మీద టేపు ముక్క అంటించి వండిన తేదీ రాయండి. మీ ఫ్రిజ్ సింగిల్ డోరా, డబుల్ డోరా చెప్తే ఫ్రీజర్‌లో ఎంత పట్టుతుందో చూసి కొలతలు మార్చి రాస్తాను. సింగిల్ డోర్ అయితే ఉల్లి ముద్ద ఒక్కటీ తగ్గించి, పప్పుకీ చికెన్‌కీ చోటు ఇవ్వండి.